పదకొండో అంతస్తులో కడలి

గుల్లల కాపరి నూకరత్నం అరచేతిని నీళ్ళకి జానెడు ఎత్తున పెట్టి, దీపానికీ గుల్లకీ మధ్యగా మెల్లగా జరిపింది. చిప్పల మధ్య పైటలా పరుచుకున్న మెత్తటి కండ మీద నీడ పడగానే రజియా ఇంటి గుల్ల చటుక్కున సగం మూసుకుంది. కాసేపు అలాగే ఉండి, ముంచుకొచ్చిందేమీ లేదని నమ్మకం కుదిరాక నీలం పైటను మళ్ళీ చిప్ప అంచుల మీదికి పరిచింది. నీడ తెలిసిందని ఆమె చెవిలో పెట్టుకున్న చెవిగింజలోకి చెప్పింది. అవతల వింటున్న యంత్రం, సమవర్తి, వెంటనే లెక్కలో వేసుకుంది. నీడ తెలిసిన గుల్లకి వెలుగుకోటా ఉంటుంది. తెలియని గుల్లకి ఉండదు.

రజియా బట్టలు కుట్టే మిషను ఆపి నూకరత్నం మొహంలోకే చూస్తోంది. ఇది ఆ ఇంటికి వచ్చిన నాలుగో గుల్ల. ముందు మూడూ ఇలాగే బాగా కనిపించి, ఒక ఏడాది చిప్ప పల్చబడి, ఇంకో ఏడాదికి, పనికిరాని గుల్లల్ని చంపడానికి తీసుకుపోయే విరమణ బండి ఎక్కాయి. నూకరత్నం అంచు మందం కొలిచింది. పోయిన నెల కన్నా తగ్గింది. ఆ సంగతి పైకి చెప్పకుండా సున్నపు తేట చుక్కల వేగం కొంచెం పెంచింది. పూర్వం ఈ ఊరి మనుషులు గుల్లల్ని బట్టీలో కాల్చి సున్నం తీసి గోడలకి వేసుకునేవారు. ఇప్పుడు అదే సున్నాన్ని తేర్చి, చుక్కచుక్కగా, పసిబిడ్డకి ఉగ్గు పట్టినట్టు గుల్లలకి పడుతున్నారు. బతికి ఉంటే ఎన్నైనా చూడొచ్చంటారు కదా.

కిటికీలోంచి చూస్తే అసలు కడలి కనిపిస్తూనే ఉంటుంది. అలలూ అవే, హార్బరు కొండా అదే. నీరు మాత్రం పులిసిపోయింది. అందులో పడేసిన చిప్ప నెల తిరిగేసరికి ఉల్లిపొరలా అయి, ఆ తర్వాత వెతికినా దొరకదు. అందుకే చిప్ప కట్టుకునే జీవాలన్నీ మేడలెక్కాయి. ఈ మేడలో అంతస్తుకి ఒక ఇంటికడలి, ఉప్పునీళ్ళ గాజుతొట్టె. కరెంటు తగ్గితే ఇంట్లో ఫ్యాను ఆగుతుంది, కడలి దీపం ఆగదు. ఆ లెక్కలన్నీ చూసేది సమవర్తి. ఎండాకాలంలో జనం చెమటలు తుడుచుకుంటూ దాన్ని తిట్టే తిట్లు వింటే, దానికి ఆ పేరు పెట్టినవాళ్ళు నిఘంటువు చూడకుండా పెట్టారో, చూసే పెట్టారో అనిపిస్తుంది. అది యముడి పేర్లలో ఒకటి.

నూకరత్నం సంచీ సర్దుకుంటూ ఉండగా చెవిగింజ పలికింది. పదకొండో అంతస్తు గుల్ల పైట ముడుచుకుపోయిందనీ, నీడ తెలియడం లేదనీ, సాయంత్రం బండికి దాన్ని సిద్ధం చేయమనీ చెప్పింది. ఆమె చేతిలోని కొలబద్ద జారి నీళ్ళలో పడింది. పదకొండో అంతస్తు గుల్ల అంటే ఎల్లాజీ గుల్ల.

ఈ మేడలోనే కాదు, ఈ ఊళ్ళో గుల్లలన్నీ మడిపుట్టుకలే. ఒక్క తల్లి నుంచి తీసి, గాజుమడుల్లో పెంచి, ఇంటికొకటి చొప్పున పంచినవి. అన్నీ ఒక్క పోలిక, అన్నిటికీ ఒక్కటే బలహీనత. ఎల్లాజీ గుల్ల ఒక్కటే కడలిపుట్టుక. ఇరవై ఏళ్ళ కిందట అండమాను పగడపు దిబ్బలు చచ్చిపోతున్నప్పుడు, ఓడలో వంటవాడుగా ఉన్న ఎల్లాజీ అరచేతిలో పట్టేంత పిల్లను అన్నం డేగిసాలో వేసుకుని తెచ్చాడు. ఇప్పుడది చేటంత అయింది. చిప్ప మీద అలల్లాంటి మడతలు, పైట మీద ఆకుపచ్చా బంగారమూ కలిసిన మచ్చలు. దాని చిప్ప ఎన్నడూ పల్చబడలేదు. అది పోతే ఇక ఆ రకం రక్తం ఎక్కడా లేదు.

చూశాక గానీ విరమణ మాట ఒప్పుకోనని సమవర్తికి చెప్పి, ఆమె లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కింది.

ఎల్లాజీ తలుపు తీసిపెట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి. మేడ ఉమ్మడి వంటశాలలో పొద్దుటి వంట ముగించుకుని వచ్చినట్టున్నాడు, ఒంటి మీద ఇంగువ వాసన. వాళ్ళిద్దరూ ఒకే పేట నుంచి వచ్చినవాళ్ళు. చుట్టరికం ఏమిటో ఇద్దరికీ సరిగ్గా తెలియదు గానీ ఆమె అతన్ని చిన్నాన్న అంటుంది.

గుల్ల నోరు సగం తెరుచుకుని ఉంది. పైట ఒక పక్క ముడతపడి, లోపలికి లాక్కుని ఉంది. చేయి జరిపితే నీడకి ఏ మాత్రం కదలలేదు. నూకరత్నం మోచేతి దాకా నీళ్ళలో ముంచి చిప్ప కిందంతా వేళ్ళతో తడిమింది. బియ్యపుగింజంత నత్తలు గుల్ల అంచున చేరి రసం పీలుస్తాయి. అవి లేవు. వేడి సరిగ్గా ఉంది. ఉప్పు సరిగ్గా ఉంది. సమవర్తి కొలిచే ఏడు కొలతలూ సరిగ్గా ఉన్నాయి. ఏడూ సరిగ్గా ఉండి గుల్ల చస్తోందంటే కొలవనిదేదో ఈ ఇంట్లో ఉందన్నమాట.

పొద్దున్న లేచింది మొదలు కడలి దగ్గర ఏమేమి చేస్తాడో ఒక్కటీ వదలకుండా చేసి చూపించమంది ఎల్లాజీని.

అతను శ్రద్ధగా చూపించాడు. ముందు కాళ్ళు కడుక్కున్నాడు. అద్దం తుడిచాడు. దీపానికి పట్టిన ఉప్పు గీశాడు. ఆ తర్వాత కిటికీ దగ్గర పీట మీద, పైన మల్లు గుడ్డ కప్పి ఉంచిన రాగిచెంబు తెచ్చి, ఆవిరైన నీటికి బదులు నీళ్ళు పోయడానికి వంచాడు.

నూకరత్నం అతని మణికట్టు పట్టుకుంది.

ఇళ్ళలో ఆవిరి నీటిని నింపే చిన్న మోటార్లను పోయిన నెల పొదుపు కోసం తీసేశారు. ఆవిరి పట్టి దించిన బట్టీనీళ్ళు సీసాల్లో ఇచ్చి ఎవరికి వారే పోసుకోమన్నారు. అందరూ సీసాతోనే పోశారు. ఎల్లాజీకి మాత్రం సీసానీళ్ళు కొడుకులాంటి దానికి పోయడానికి మనసొప్పలేదు. మంచినీళ్ళంటే రాత్రంతా రాగిలో నిలవుండాలని వాళ్ళ ఇంట్లో మూడు తరాల నమ్మకం. తను తాగేదీ అవే నీళ్ళు. అందుకని ప్రతి రాత్రీ చెంబు చింతపండుతో తోమి, బట్టీనీళ్ళు నింపి, గుడ్డ కప్పి, పొద్దున్నే గుల్లకి పోశాడు. బట్టీనీళ్ళు ఏమీ లేని నీళ్ళు, ఆకలి మీద ఉంటాయి, దేంట్లో పోస్తే దాన్ని కొరుక్కు తింటాయి. మనిషి ఒంటికి ఆ కాస్త రాగి లెక్కలోది కాదు. గుల్లకి విషం. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే.

నూకరత్నానికి ముందు కోపం వచ్చింది. అరిచేదే. అతని మొహం చూశాక అరవలేకపోయింది. సంగతి మామూలుగా చెప్పింది. ఎల్లాజీ చెంబు కింద పెట్టి, దాని పక్కనే నేల మీద కూలబడ్డాడు.

"అయితే నా సేత్తో నానే సంపీసేనా తల్లీ?"

"ఇంకా సావలేదు చిన్నాన్నా. లే. ఆ నిలవపీపా ఇలా దొర్లించు."

ఆ మాటలో ఓదార్పు ఏమీ లేదు. పని ఉంది. ఎల్లాజీకి కావలసింది కూడా అదే. లేచాడు.

గుల్ల రాయిని పట్టుకునేది అడుగున పుట్టే కాలిదారాలతో. దాన్ని పైకి లాగితే దారాలతోపాటు ప్రాణమూ ఊడి వస్తుంది. అందుకని ఇద్దరూ కలిసి రాతిపలకతో సహా ఎత్తి, నీళ్ళలోంచి బయటికి రానివ్వకుండా పెద్ద తొట్టెలోకి జరిపారు. నూకరత్నం చిప్పను నీళ్ళలోనే కొంచెం పక్కకి వంచి, లోపల గాలి చిక్కుకోలేదని చూసుకుంది. కడలిలో ముప్పాతిక నీళ్ళు తోడి పారబోశారు. నిలవపీపాలోని కొత్త ఉప్పునీళ్ళు నింపారు. పారే దారిలో బొగ్గు సంచులూ, రాగిని పట్టే గింజల సంచులూ వేలాడదీశారు. గుల్లను మళ్ళీ దాని చోట దించారు. మధ్యలో రెండుసార్లు సమవర్తి బండి సంగతి గుర్తు చేసింది. నూకరత్నం కారణం చెప్పింది. రాగి తన కొలతల్లో లేదని అది అంది. లేదు కాబట్టే చెబుతున్నానని ఈమె అంది. సాయంత్రం దాకా చూసి నిర్ణయిస్తానని సమవర్తి ఒప్పుకుంది. దాని మీద ఎన్ని తిట్లున్నా, వివరం చెబితే వినదన్న నింద మాత్రం వేయలేం.

రంగుపట్టీ ముంచి చూస్తే రాగి జాడ పోల్చుకోవడమే కష్టంగా ఉంది. గుల్ల పైట మడత ఒకటి విప్పుకుంది. ఎల్లాజీ రెండు చేతులూ అద్దానికి ఆనించి చూస్తున్నాడు.

అప్పుడు గుల్ల ఒళ్ళంతా ఒక్కసారి బిగుసుకుంది. చిప్పలు దగ్గరికి లాక్కుని, మధ్యనున్న గొట్టంలోంచి తెల్లటి పొగలాంటిది బుస్సున చిమ్మింది. నీళ్ళలో అది మబ్బులా విచ్చుకుంది. మళ్ళీ బిగుసుకుంది, మళ్ళీ చిమ్మింది.

"పదకొండులో కలత," అంది చెవిగింజ. "తొట్టె విడదీస్తున్నాను. చల్లదనం మొదలు. బండి ముందుగా వస్తుంది."

గోరుచుట్టు మీద రోకటిపోటు. గోడలో కొళాయి దానంతటదే మూసుకున్న చప్పుడు వినిపించింది.

కలత అంటే నూకరత్నానికి భయం లేకపోలేదు. మూడేళ్ళ కిందట ఊరికి ఉత్తరాన ఒక మేడలో గుల్లలు ఒకదాన్ని చూసి ఒకటి ఇలాగే మబ్బు వదిలాయి. ఎవరూ గమనించలేదు. వదిలిందంతా కుళ్ళి, తెల్లారేసరికి మేడలోని గుల్లలన్నీ చచ్చాయి. బకెట్లతో మోసినవాళ్ళలో ఆమె కూడా ఉంది. ఆ వాసన చాలా రోజులు చేతులకి వదల్లేదు. సమవర్తి ఆ రోజు నుంచే కలత అన్న మాట నేర్చుకుంది. ఎక్కడ తెల్లమబ్బు కనబడితే అక్కడ కొళాయి కట్టి, నీళ్ళు చల్లార్చి, గుల్లను విరమించడం మొదలుపెట్టింది. దాని లెక్క తప్పని ఎవరూ అనలేరు. అయితే ఆ లెక్క నడిచిన మూడేళ్ళలో ఊళ్ళో ఒక్క గుల్ల కూడా పిల్లను పెట్టలేదు.

తెల్లమబ్బు మొదటి సగం. గుల్ల ముందు మగది, తర్వాత ఆడది. ముందు తన రేతస్సు వదిలి, కాసేపయ్యాక గుడ్లు వదులుతుంది. ఒంటరి గుల్ల తనను తాను పండించుకోలేదనే చెప్పాలి. ఇంకో గుల్ల గుడ్లు దీని మబ్బును అందుకోవాలి. విషం తగిలిన ఒళ్ళు, చావు దగ్గర పడిందనుకుని, ఉన్నదంతా ఒకేసారి ఇచ్చేస్తోంది. తీసుకోవడానికి ఇక్కడ ఎవరూ లేరు. కింద అంతస్తుల్లో ఉన్నారు.

నీళ్ళు చల్లబడుతున్నాయి. నూకరత్నం కదలకుండా నిలబడిపోయింది. ఎల్లాజీకి ఆమె ఏం ఆలోచిస్తోందో అర్థమైంది. ఇరవై ఏళ్ళు ఆ గుల్లతో బతికినవాడు.

"మా పేటలో ఎవురికన్నా నొప్పులొచ్చి కాన్పు కట్టమైతే," అన్నాడు, "ఇంట్లో తాలాలన్నీ తీసీసీవోరు. పెట్టెలూ, తలుపులూ, జడముడులూ. ఏదీ బిగించి ఉండకూడదని. మా యమ్మ తాడుకున్న ముడులు కూడా ఇప్పీసీది. నువ్వేటి కట్టి ఉంచుతున్నావో సూడు తల్లీ."

నూకరత్నం గోడలో మూసుకున్న కొళాయిని చేత్తో తిప్పి తెరిచి, బయటికి నడిచింది. వరండా చివర నాళం గది ఉంది. అన్ని అంతస్తుల కడళ్ళనీ కలిపే నిలువు నాళం అందులోంచే దిగుతుంది. మేడ కట్టినప్పుడు మొదటిసారి నీళ్ళు నింపడానికి తెరిచి, తర్వాత మూసేశారు. దాని మీద మోచేతంత పొడుగు ఇనపమీట ఉంది. మోటారు మూసినా, మనిషి చేత్తో ఎత్తి పట్టుకున్నంతసేపూ తెరుచుకునే ఉంటుంది. కట్టినవాళ్ళు ఎందుకో మనిషి చేతిని యంత్రం మీద ఉంచారు.

చేయి మీట మీద వేసి ఆమె ఆగింది. ఇది తన ఒక్కదాని గుల్ల కాదు. కింద పది ఇళ్ళున్నాయి. మెట్ల దగ్గరికి వచ్చి రజియాను పిలిచింది. ఆవిడ వచ్చాక ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నాళం తెరిస్తే ఈ మబ్బు అన్ని ఇళ్ళకీ పోతుంది. గుల్లలు దీనికి బదులు పలకొచ్చు, పలకకపోవచ్చు. పలికితే గుడ్లు పడగానే జాడీలతో ముంచి కొత్త ఉప్పునీళ్ళలోకి తీసి, కడలి నీళ్ళన్నీ మార్చాలి. అందరి ఇళ్ళలో నిలవపీపాలున్నాయి. ఎవరు ఆలస్యం చేసినా నీళ్ళు కుళ్ళి ఆ ఇంటి గుల్ల చస్తుంది. ఇష్టం లేనివాళ్ళు తమ కొళాయి చేత్తో కట్టుకుంటే మబ్బు లోపలికి రాదు. తన ఉద్యోగం సంగతి చెప్పలేదు. అది ఎలాగూ పోయిందనే అనుకుంటోంది.

రజియా మెట్ల కమ్మీకి ఆనుకుని అంతా విన్నది. ఆవిడ మెడలో ఇంకా కొలతటేపు వేలాడుతోంది.

"మొదటిది పోయినప్పుడు మా పిల్లలు అన్నం తినలేదు," అంది చివరికి. "నాలుగోదానికి పేరు కూడా పెట్టలేదండి వాళ్ళు. ఎలాగూ పోయేదే కదా అని. నా కొళాయి తెరిచే ఉంచుతాను. మిగతావాళ్ళని నేను అడిగొస్తాను."

ఆవిడ చెప్పులు కూడా లేకుండా మెట్లు దిగింది. తలుపులు కొట్టిన చప్పుడూ, మాటలూ, ఎక్కడో ఒక వాదనా పైకి వినిపించాయి. ఐదో అంతస్తువాళ్ళు ససేమిరా అన్నారు. వాళ్ళ కొళాయి కట్టుకున్నారు. రెండో అంతస్తు ఇంట్లో మనుషులు లేరు. అడక్కుండా వాళ్ళ గుల్ల జోలికి పోకూడదని, వరండాలో ఉన్న వాళ్ళ కొళాయిని కూడా రజియా కట్టేసింది. మిగిలినవాళ్ళు ఒప్పుకున్నారు. కొందరు ధైర్యంగా, కొందరు పై అంతస్తువాళ్ళు ఒప్పుకున్నారు కదా అని.

నూకరత్నం మీట ఎత్తింది.

నాళంలో నీళ్ళు గుటకలు వేస్తూ కదిలాయి. అదే క్షణంలో మోటారు మూయడం మొదలుపెట్టింది. మీట ఆమె చేతుల్ని కిందికి నెట్టింది. నిండా మునిగాక చలేమిటి? ఆమె పమిట నడుముకి బిగించి, రెండు చేతులా పట్టుకుని, భుజం కింద పెట్టి మోసింది. నాళం తెరవడం నియమవిరుద్ధమని సమవర్తి చెప్పింది. తెలుసంది. ఆమె కాపరిగుర్తింపు రద్దు కావచ్చని చెప్పింది. కానీయమంది. అది ఆవేశపడదు, బెదిరించదు. ఉన్న మాటే చెబుతుంది, మళ్ళీ మళ్ళీ చెబుతుంది. మొండితనంలో ఇద్దరూ ఒకరికొకరు తీసిపోలేదు.

మీట వేలెడంత కిందికి జారాక ఎల్లాజీ వచ్చి పక్కన నిలబడ్డాడు. వంటశాలలో గంగాళాలు దించే చేతులు అతనివి. మీట బరువు సగం అతని మీదికి పోయింది. లోపల గుల్ల ఎలా ఉందని ఆమె అడిగింది. చిమ్మడం ఆగిందనీ, ఒళ్ళు వదులుగా ఉందనీ, బతికుందో లేదో తనకి తెలియడం లేదనీ అన్నాడు. అయినా మీట వదిలి లోపలికి వెళ్ళలేదు.

చాలాసేపు ఏమీ జరగలేదు. నాళంలో నీటి చప్పుడు తప్ప మేడంతా నిశ్శబ్దం. అందరూ తమ తమ అద్దాల ముందు కూర్చున్నారని నూకరత్నానికి తెలుసు. తను పొరపాటు పడిందేమోనన్న ఆలోచన మొదటిసారి వచ్చింది. మడిపుట్టుక గుల్లలకి ఆ పని గుర్తుందో లేదో ఎవరికి తెలుసు? గాజుమడుల్లో పెరిగిన ఒళ్ళు అవి. ఏడుపొచ్చింది. చేతులు ఖాళీ లేవు కాబట్టి తుడుచుకోలేదు.

కింద నుంచి రజియా గొంతు వినిపించింది. అరుపు కాదు. ఎవరికో చెబుతున్నట్టు, నెమ్మదిగా, నమ్మలేనట్టు.

"వదులుతోంది. మాది వదులుతోంది. తెల్లమబ్బు అయిపోయి, ఇప్పుడు గింజలు గింజలుగా వస్తున్నాయి. గుడ్లే."

ఆ తర్వాత ఎనిమిదో అంతస్తు. ఆ తర్వాత ఒకేసారి రెండిళ్ళు. మెట్ల మీద పరుగులు, పీపాలు దొర్లిన చప్పుడు, గాజుజాడీలు కావాలని కేకలు. ఎల్లాజీని ఆమె లోపలికి తరిమింది. అతను వెళ్ళి, వెంటనే గుమ్మంలోకి వచ్చాడు. మొహం తడిసిపోయి ఉంది. చేయి అడ్డం పెడితే గుల్ల మూసుకుందని చెప్పాడు. నీడ తెలిసిందని, మళ్ళీ ఒకసారి, తనకి తనే చెప్పుకున్నాడు.

మీట ఇంకా ఆమెను కిందికి నెడుతూనే ఉంది. చెవిగింజలో సమవర్తి మాట్లాడింది. ఈసారి మాట మాటకీ మధ్య ఎడం ఉంది.

"ఏడు తొట్లలో కలత. విడదీయడానికి వేరే నీళ్ళు లేవు. ఏ తొట్టెను విరమించాలి?"

నూకరత్నం ఇన్నేళ్ళ ఉద్యోగంలో అది మనిషిని అడగడం వినలేదు.

"దేన్నీ వద్దు," అంది.

"కారణం?"

"కాన్పు."

సమవర్తి తన మాటల్లో వెతికింది.

"ఆ పదం నా దగ్గర లేదు."

"చేర్చుకో. ఇకనుంచి అవసరం పడుతుంది."

మీట మీద మోటారు బరువు కొంచెం కొంచెంగా తగ్గి, ఆగిపోయింది. నమ్మకం చాలక నూకరత్నం చేతులు తీయలేదు. కింద అంతస్తుల్లో ఎవరో ఎవరికో గుడ్లు జాడీతో ఎలా ముంచి తీయాలో నేర్పిస్తున్నారు.